క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఇఎస్ ప్లస్: బీఎస్సీ మ్యాథ్స్‌కి ఇది ఎంతవరకు పనికొస్తుంది

నెల్లూరు ట్రంక్ రోడ్డులో అయినా ఒంగోలులో అయినా పుస్తకాల షాపుకెళ్ళి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఇవ్వమంటే ముందు వచ్చే ప్రశ్న, "ఇంజినీరింగా, డిగ్రీనా?" అని. డిగ్రీ అంటే గమ్మున క్యాసియో వాళ్ళదే చవక మోడల్ 82ఎంఎస్ తీసి చేతిలో పెడతారు. ఇంజినీరింగ్ అంటేనే 991 బయటికొస్తుంది. బీకాం వాళ్ళకి ఆ లెక్క సరిపోతుందేమో గానీ బీఎస్సీ మ్యాథ్స్‌కి సరిపోదు. అంకెలతో ఉజ్జాయింపు జవాబులు కట్టే న్యూమరికల్ మెథడ్స్ పేపరు ఒక్కదానికే ఈ రెండు మోడళ్ళ మధ్య తేడా డబ్బు తిరిగొచ్చేస్తుంది. అలాగని 991 కొంటే మ్యాథ్స్ వచ్చేస్తుందనుకుంటే అదీ పొరపాటే. రుజువులే ఎక్కువుండే గ్రూప్ థియరీ, రియల్ అనాలిసిస్ పరీక్షలకి దీన్ని ఇంట్లో పెట్టి వెళ్ళినా పోయేదేమీ లేదు.

ఈ రివ్యూ 991ఇఎస్ ప్లస్ రెండో ఎడిషన్ గురించి. ధర వెయ్యి దాటి ఉంటుంది, 82ఎంఎస్ సుమారు అందులో సగం. నెల్లూరు వైపు విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద, ప్రకాశం వైపు ఆంధ్రకేసరి యూనివర్సిటీ కింద చదివే మ్యాథ్స్ మేజర్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది. ఇందులో ప్రోగ్రాములు రాసి దాచుకునే వీలు లేదు కాబట్టి 'ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్లు నిషేధం' అన్న నిబంధనకి ఇది చిక్కదు. అయినా పరీక్ష ముందు హాల్ టికెట్ మీద నిబంధనలు ఒకసారి చదువుకోండి, క్యాలిక్యులేటర్‌నే పూర్తిగా వద్దన్న పేపరు ఉంటే హాల్లో వాదించి లాభం లేదు.

పెట్టె విప్పగానే చేయాల్సిన పని ఒకటుంది. ఇది డిగ్రీల్లో సెట్ అయి వస్తుంది. బీఎస్సీ మ్యాథ్స్‌లో కోణం అంటే రేడియనే. షిఫ్ట్, మోడ్, 4 నొక్కితే రేడియన్‌కి మారి పైన చిన్న ఆర్ అక్షరం కనబడుతుంది. ఈ ఒక్క అక్షరం చూసుకోక పోయే మార్కులు, సూత్రం మర్చిపోయి పోయే మార్కులకన్నా ఎక్కువ. వచ్చిన జవాబునే మళ్ళీ మళ్ళీ లోపల పెట్టి రూటుకి దగ్గరయ్యే ఇటరేషన్ మెథడ్‌లో ఎక్స్ ఈక్వల్‌టు కాస్ ఎక్స్ అన్న లెక్క తీసుకోండి. సున్నా కొట్టి ఈక్వల్‌టు నొక్కి, తర్వాత కాస్ ఆన్స్ (ఆన్స్ అంటే అంతకుముందు వచ్చిన జవాబు) అని టైపు చేసి ఈక్వల్‌టు నొక్కుతూ పోవడమే. రేడియన్లో ఉంటే 1, 0.5403, 0.8576, 0.6543, 0.7935 అని అటూ ఇటూ ఊగుతూ చివరికి 0.7391 దగ్గర కుదురుకుంటుంది. డిగ్రీల్లో ఉంటే రెండో నొక్కుకే 0.9998 వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఎంత తొందరగా కన్వర్జ్ అయిందో అని సంబరపడి అదే రాసేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అంత తొందరగా తేలిపోతేనే అనుమానం రావాలి. అసలు రూటు దగ్గర కాస్ మారే రేటు, అంటే సైన్ విలువ, 0.67, అంటే ఒక్కో నొక్కుకి తప్పు మూడింట రెండొంతులకి మాత్రమే తగ్గుతుంది. నాలుగు దశాంశాలు స్థిరపడాలంటే ఇరవైకి పైగా నొక్కాల్సిందే.

రెండో సెట్టింగు జవాబు కనబడే తీరు. మామూలుగా ఇది 1.06 ని 53 బై 50 అని భిన్నంగా చూపిస్తుంది. స్కూలు లెక్కలకి ముచ్చటగా ఉంటుంది గానీ ఇటరేషన్ టేబుల్ నింపేటప్పుడు ప్రతిసారీ ఎస్-డి బటన్ నొక్కుతూ కూర్చోవాలి. షిఫ్ట్, మోడ్, 1 నొక్కి, అక్కడ వచ్చే రెండింట్లో లైన్ అవుట్‌పుట్ ఎంచుకుంటే రాసేది పుస్తకంలో లాగా, వచ్చేది దశాంశంలో. ఎప్పుడో ఒకసారి మాత్రమే దశాంశం కావాలంటే ఈక్వల్‌టుకి ముందు షిఫ్ట్ నొక్కితే చాలు.

ఇక అసలు సంగతి. ఈ మిషన్‌లో బీఎస్సీ మ్యాథ్స్‌కి డబ్బు పెట్టాల్సిన బటన్లు మూడే. ఆన్స్, కాల్క్, టేబుల్. ఇంటిగ్రల్ గుర్తు, సిగ్మా గుర్తు చూసి కొనేవాళ్ళే ఎక్కువ గానీ పరీక్షలో వాటి వాడకం తక్కువ.

ఆన్స్ 82ఎంఎస్‌లోనూ ఉంది. రూటు వెతికే న్యూటన్-రాఫ్సన్ పద్ధతికి అదొక్కటే చాలు. ఎక్స్ క్యూబ్ మైనస్ 2ఎక్స్ మైనస్ 5 ఈక్వల్‌టు సున్నా అనే సమీకరణం ఎక్కడ చూసినా కనబడుతుంది. న్యూటన్ 1669లో తన పద్ధతిని చూపించిందీ దీని మీదే. 2 కొట్టి ఈక్వల్‌టు నొక్కండి. తర్వాత ఆన్స్ మైనస్, భిన్నం బటన్ నొక్కి పైన ఆన్స్ క్యూబ్ మైనస్ 2ఆన్స్ మైనస్ 5, కింద 3ఆన్స్ స్క్వేర్ మైనస్ 2. ఇప్పుడు ఈక్వల్‌టు నొక్కితే 2.1. మళ్ళీ నొక్కితే 2.094568121. మళ్ళీ నొక్కితే 2.094551482. అంతే, మూడు నొక్కులు. టైపు చేయడం ఒక్కసారే. అదే సూత్రాన్ని ప్రతి స్టెప్పులో అంకెలతో కొత్తగా టైపు చేసే పిల్లలు సగానికి సగం, అందుకే వాళ్ళకి చివరి ప్రశ్నకి టైం చాలదు. భిన్నం బటన్ వాడమనడానికి కారణం ఉంది. భాగహారం గుర్తుతో 1 ÷ 2ఎక్స్ అని కొడితే ఇది 2ఎక్స్‌ని ముందు గుణించి, తర్వాత భాగిస్తుంది. మీ మనసులో ఉన్నది సగం ఇంటూ ఎక్స్ అయితే జవాబు తేడా కొడుతుంది. భిన్నం గడిలో పెడితే ఆ గొడవే లేదు. అట్టాగే, మైనస్ 2 స్క్వేర్ అని నేరుగా కొడితే మైనస్ 4 వస్తుంది. బ్రాకెట్ పెట్టాలి. ఎక్స్‌లో మైనస్ 2 దాచి ఎక్స్ స్క్వేర్ అంటే మాత్రం సరిగ్గా 4 ఇస్తుంది.

మూల్యాంకనంలో స్టెప్పులకే మార్కులు కాబట్టి స్క్రీన్ మీద వచ్చిన ప్రతి విలువనీ ఆ నిమిషానే కాగితం మీద పెట్టుకోవాలి. ఇంకో చిన్న తేడా కూడా చెప్పాలి. స్క్రీన్ మీద పది అంకెలే కనబడినా లోపల పదిహేను అంకెలు మోస్తుంది. షిఫ్ట్, మోడ్, 6, 4 నొక్కి నాలుగు దశాంశాలకి బిగించినా బిగుసుకునేది కనబడే విలువే, ఆన్స్‌లో పూర్తి విలువ అట్టానే ఉంటుంది. గైడులో మాత్రం ప్రతి స్టెప్పులోనూ నాలుగో దశాంశానికి కత్తిరించి ముందుకెళ్తారు. అందుకని చివరి అంకె ఒకటి అటూ ఇటూ వస్తే కంగారు పడకండి, మీదే ఎక్కువ కరెక్టు. ఐదు దశాంశాలు రాసుకుంటూ వెళ్ళి జవాబు నాలుగుకి రాస్తే ఎవరికీ పేచీ ఉండదు.

కాల్క్ బటన్ 82ఎంఎస్‌లో లేదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్‌కి అంకెల్లో జవాబు కట్టే రంగె-కుట్టా నాలుగో ఆర్డర్ లెక్క చేసేవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. డివై బై డిఎక్స్ ఈక్వల్‌టు ఎక్స్ ప్లస్ వై, ఎక్స్ సున్నా దగ్గర వై 1, స్టెప్ హెచ్ 0.1 అనుకోండి. ఎక్స్ 0.1 దగ్గర వై కావాలంటే కె1 నుంచి కె4 దాకా నాలుగు విలువలు కట్టాలి. స్క్రీన్ మీద 0.1 బ్రాకెట్లో ఎక్స్ ప్లస్ వై అని ఒక్కసారి టైపు చేసి కాల్క్ నొక్కితే ఎక్స్? అని, తర్వాత వై? అని అడుగుతుంది. సున్నా, 1 ఇస్తే కె1 వచ్చింది, 0.1. మళ్ళీ ఈక్వల్‌టు నొక్కితే మళ్ళీ అడుగుతుంది. ఈసారి 0.05, 1.05 ఇస్తే కె2 0.11. తర్వాత 0.05, 1.055 ఇస్తే కె3 0.1105. చివర 0.1, 1.1105 ఇస్తే కె4 0.12105. కె2, కె3 లని రెట్టింపు చేసి అన్నీ కలిపితే 0.66205, ఆరో వంతు 0.110342, కాబట్టి వై 1.110342. అసలు జవాబు 2 ఇంటూ ఈ పవర్ 0.1 మైనస్ 1.1, అంటే 1.1103418. ఆరో దశాంశం దాకా కుదిరింది. వై అడిగినప్పుడు 1.055 అని మనసులో లెక్కేసుకుని కొట్టక్కర్లేదు, 1 ప్లస్ 0.11 బై 2 అని అక్కడే కొట్టినా తీసుకుంటుంది. ఈ లెక్కలో అందరూ జారేది కె4 దగ్గర. కె2, కె3 లకి సగం సగం కలిపిన అలవాటులో కె4 కి కూడా సగమే కలిపేస్తారు. అక్కడ కె3 మొత్తం కలపాలి, హెచ్ కూడా మొత్తం. క్యాలిక్యులేటర్ ఆ తప్పుని పట్టుకోదు, అడిగిన దానికి బుద్ధిగా జవాబు ఇచ్చేస్తుంది.

సమీకరణాల గుంపుని చుట్లు చుట్లుగా సాధించే గాస్-సీడెల్‌కి కాల్క్‌తో పాటు ఆల్ఫాలో ఉన్న కోలన్, ఆల్ఫాలో ఉన్న ఈక్వల్‌టు గుర్తు కలిపి వాడాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఒక్కో సమీకరణాన్ని విడివిడిగా కొడుతుంటారు. 10ఎక్స్ ప్లస్ వై ప్లస్ జడ్ 12, 2ఎక్స్ ప్లస్ 10వై ప్లస్ జడ్ 13, 2ఎక్స్ ప్లస్ 2వై ప్లస్ 10జడ్ 14 అనే మూడు సమీకరణాలు తీసుకుందాం. ఎక్స్, వై, జడ్ లకి బదులు ఏ, బి, సి వాడదాం. ఏ ఈక్వల్‌టు 12 మైనస్ బి మైనస్ సి, మొత్తం బై 10, కోలన్, బి ఈక్వల్‌టు 13 మైనస్ 2ఏ మైనస్ సి, మొత్తం బై 10, కోలన్, సి ఈక్వల్‌టు 14 మైనస్ 2ఏ మైనస్ 2బి, మొత్తం బై 10. ఇక్కడ కొట్టే ఈక్వల్‌టు కింద ఉన్న పెద్ద బటన్ కాదు, కాల్క్ మీద ఎర్రగా రాసి ఉన్నది, ఆల్ఫా నొక్కి కొట్టాలి. పొరపాటున పెద్ద బటన్ నొక్కితే కట్టిన కోట కూలుతుంది. ఇప్పుడు కాల్క్ నొక్కి, అడిగినవాటికల్లా సున్నా ఇచ్చి ఈక్వల్‌టు నొక్కుతూ పోతే 1.2, 1.06, 0.948. రెండో చుట్టులో 0.9992, 1.00536, 0.999088. మూడూ 1 కే వెళ్తున్నాయని అప్పటికే తెలిసిపోతుంది. చుట్టు పూర్తయ్యాక మళ్ళీ బి?, సి? అని అడిగితే పాత విలువే అక్కడ కనబడుతుంది, దాని మీదే ఈక్వల్‌టు కొట్టాలి. కొత్త అంకె కొట్టారా, లెక్క మొదటికొస్తుంది.

ఇదే లెక్కలో సమీకరణాల వరస తిప్పేసి, మూడోదాన్ని ముందు పెట్టి దాంట్లోంచి ఎక్స్ తీయబోతే చూడండి. ఎక్స్ 7, వై మైనస్ 0.1, జడ్ మైనస్ 57.9. రెండో చుట్టులోనే ఎక్స్ 296.6 అయి కూర్చుంటుంది. ప్రతి సమీకరణంలో డయాగొనల్ గుణకం మిగతావాటి మొత్తం కన్నా పెద్దదిగా ఉండాలనే డయాగొనల్ డామినెన్స్ అన్న మాటని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టడం కన్నా ఈ రెండు చుట్లు ఒకసారి నొక్కి చూడటం మేలు, జన్మలో మర్చిపోరు.

టేబుల్ మోడ్ ట్రెపిజాయిడల్, సింప్సన్ లెక్కలకి, అంటే ప్రమేయం విలువలు కొన్ని తీసుకుని ఇంటిగ్రల్ ఉజ్జాయింపుగా కట్టే పద్ధతులకి. మోడ్ 7 నొక్కి 1 బై 1 ప్లస్ ఎక్స్ స్క్వేర్ అని ఇచ్చి, జి ఎక్స్ అని రెండో ప్రమేయం అడిగితే ఖాళీగా వదిలి ఈక్వల్‌టు కొట్టి, స్టార్ట్ 0, ఎండ్ 6, స్టెప్ 1 ఇస్తే ఏడు విలువలూ వరసగా వచ్చేస్తాయి. గళ్ళలో విలువ కుదించి కనబడుతుంది, కర్సర్ ఆ గడి మీద పెడితే కింద పూర్తిగా చూపిస్తుంది. ఒక్క ప్రమేయానికైతే 30 వరసలు దాటనివ్వదు, డిగ్రీ లెక్కల్లో అన్ని వరసలు రావు కూడా. అయితే టేబుల్ వేశాక ఎక్స్‌లో మీరు ముందు దాచుకున్న విలువ చెరిగిపోతుంది, ముఖ్యమైనది ఏదన్నా ఉంటే ఏలోనో బిలోనో పెట్టుకోండి.

ఆ ఏడు విలువలతో సున్నా నుంచి 6 దాకా ఇంటిగ్రల్ కడితే ట్రెపిజాయిడల్ 1.4108, సింప్సన్ వన్-థర్డ్ 1.3662, త్రీ-ఎయిత్ 1.3571. అసలు విలువ టాన్ ఇన్వర్స్ 6, అంటే 1.4056. సింప్సన్ గొప్పది, ట్రెపిజాయిడల్ నాటుది అని చదువుకున్నాం గదా, ఇక్కడ నాటుదే గెలిచింది! ఎందుకంటే ఈ వక్రం సున్నా దాటగానే వేగంగా దిగి తర్వాత పడుకుంటుంది. స్టెప్ 1 తో దాన్ని పారాబోలాతో అతికిద్దామంటే అతకదు. అదే ప్రమేయాన్ని సున్నా నుంచి 1 దాకా ఆరు ముక్కలు చేసి చూడండి. ట్రెపిజాయిడల్ 0.78424 ఇస్తుంది, సింప్సన్ 0.785398 ఇస్తుంది. పై బై 4 కూడా 0.785398. సింప్సన్ పరువు నిలబడాలంటే హెచ్ చిన్నదై ఉండాలి. వచ్చిన జవాబుని సరిచూసుకోడానికి కామ్ప్ మోడ్‌లో (మామూలు లెక్కల మోడ్, మోడ్ 1) ఇంటిగ్రల్ బటన్ ఉపయోగపడుతుంది, జవాబు రాయడానికి మాత్రం కాదు. ఇక్కడ కూడా డిగ్రీల్లో ఉండి టాన్ ఇన్వర్స్ 6 కొడితే 80.5377 అని వస్తుంది. దాన్ని 'యాక్చువల్ వాల్యూ' కింద రాసి, ఎర్రర్ 79 అని రాసిన పేపరు దిద్దే మనిషి ముఖం ఎట్టా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సాల్వ్ బటన్ కూడా అంతే. షిఫ్ట్ కాల్క్ నొక్కి, దగ్గరి విలువ ఇస్తే లోపల న్యూటన్ పద్ధతిలోనే వెతికి ఒక రూటు ఇస్తుంది. ఒక్కటే ఇస్తుంది, మిగతావి ఉన్నాయో లేవో చెప్పదు. బైసెక్షన్, రెగ్యులా ఫాల్సీ లెక్కల్లో ముందు సాల్వ్‌తో గమ్యం తెలుసుకుని, తర్వాత స్టెప్పులు రాసుకుంటూ పోతే మధ్యలో దారి తప్పితే వెంటనే తెలుస్తుంది. కర్వ్ ఫిట్టింగ్‌కి స్టాట్ మోడ్‌లో డేటా ఎక్కించి, షిఫ్ట్ 1 లో సమ్ అనే చోటికెళ్తే సిగ్మా ఎక్స్, సిగ్మా ఎక్స్ స్క్వేర్, సిగ్మా ఎక్స్‌వై అన్నీ తయారుగా ఉంటాయి. నార్మల్ ఈక్వేషన్లకి కావాల్సింది అవే.

లీనియర్ ఆల్జీబ్రాలో దీని హద్దు 3 బై 3 మ్యాట్రిక్స్. అంతకు మించితే చేతి పనే. ఐగెన్ విలువలు నేరుగా ఇవ్వదు గానీ దారి ఉంది. డయాగొనల్ మొత్తం, 2 బై 2 ప్రిన్సిపల్ మైనర్ల మొత్తం, డిటర్మినెంట్ ఈ మూడూ కట్టి, మోడ్ 5 లో క్యూబిక్ ఈక్వేషన్‌కి ఇవ్వాలి. మొదటి వరస మైనస్ 2, 2, మైనస్ 3; రెండోది 2, 1, మైనస్ 6; మూడోది మైనస్ 1, మైనస్ 2, సున్నా. ఎక్కడపడితే అక్కడ కనబడే మ్యాట్రిక్సే ఇది. డయాగొనల్ మొత్తం మైనస్ 1, మైనర్ల మొత్తం మైనస్ 21, డిటర్మినెంట్ 45. సమీకరణం లాంబ్డా క్యూబ్ ప్లస్ లాంబ్డా స్క్వేర్ మైనస్ 21లాంబ్డా మైనస్ 45. గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారతాయన్నది ఇక్కడ మర్చిపోతే అంతా పోయినట్టే. ఈ నాలుగు గుణకాలు ఇస్తే మిషన్ 5, మైనస్ 3 అని రెండే రూట్లు చూపిస్తుంది. మూడోది ఏమైందని కంగారు పడి మళ్ళీ మళ్ళీ కొడతారు. పోలేదు, ఏదో ఒకటి రెండుసార్లు ఉంది. ఏది అన్నది డయాగొనల్ చెబుతుంది. మూడూ కలిపితే మైనస్ 1 రావాలి, 5 కి మైనస్ 3 కలిపితే 2, కాబట్టి మూడోది మైనస్ 3. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో మూడో ఆర్డర్ ఆగ్జిలరీ ఈక్వేషన్‌కి కూడా ఇదే జాగ్రత్త. అక్కడ రిపీటెడ్ రూటుని వదిలేస్తే కాంప్లిమెంటరీ ఫంక్షన్‌లో ఒక స్థిరాంకమే మాయమవుతుంది. కాంప్లెక్స్ రూట్లు కూడా చూపిస్తుంది గానీ క్యూబిక్‌లో వాటిని దశాంశంలో ఇస్తుంది. 0.8660254 కనబడితే రూట్ 3 బై 2 అని మీరే గుర్తుపట్టాలి.

డిటర్మినెంట్ సున్నా అయిన సింగ్యులర్ మ్యాట్రిక్స్‌కి ఇన్వర్స్ అడిగితే మ్యాథ్ ఎర్రర్ అంటుంది. ర్యాంక్ ఎంతో చెప్పదు, రో ఆపరేషన్లు మీరే చేసుకోవాలి. ఎర్రర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మ్యాథ్ ఎర్రర్ అంటే లెక్కలోనే అడగకూడనిది అడిగారని, సింటాక్స్ ఎర్రర్ అంటే టైపు చేయడంలో తప్పుందని. రెండింటికీ ఎడమ బాణం నొక్కితే తప్పు జరిగిన చోటికే కర్సర్ వెళ్తుంది. ఏసీ కొట్టి మొత్తం మళ్ళీ టైపు చేయక్కర్లేదు.

సాలిడ్ జామెట్రీకి పెద్దగా పనిలేదు. నాలుగు బిందువుల గుండా పోయే గోళం లెక్కలో నాలుగు తెలియనివి ఉంటాయి, ఇది మూడే తీసుకుంటుంది. ఒక సమీకరణాన్ని మిగతా మూడింట్లోంచి తీసేస్తే స్థిరపదం పోయి మూడే మిగులుతాయి, అప్పుడు మోడ్ 5 కి అందుతుంది. శంకువు, సిలిండర్ కళ్ళకి కట్టాలంటే ఇంట్లో ఫోన్‌లో జియోజీబ్రా త్రీడీ తెరుచుకోండి. అది ఉచితం, ఈ పనికి ఏ క్యాలిక్యులేటరూ దానికి సాటి రాదు. గ్రూప్ థియరీలో ఒక్క ఫ్యాక్ట్ బటన్ అప్పుడప్పుడూ అక్కరకొస్తుంది. 360 కొట్టి ఈక్వల్‌టు నొక్కి ఫ్యాక్ట్ అంటే 2 క్యూబ్, 3 స్క్వేర్, 5 అని విడదీస్తుంది. 360 ఆర్డర్ ఉన్న సైక్లిక్ గ్రూప్‌కి సబ్‌గ్రూప్‌లు 4 ఇంటూ 3 ఇంటూ 2, అంటే 24. అంతకు మించి అక్కడ దాని ప్రమేయం లేదు.

రియల్ అనాలిసిస్ దగ్గర మాత్రం ఇది ఉపయోగపడకపోవడమే కాదు, తప్పుదారి కూడా పట్టిస్తుంది. 1 ప్లస్ 1 బై ఎన్, హోల్ పవర్ ఎన్ అన్న అనుక్రమం తీసుకోండి. ఎన్ స్థానంలో 10 పవర్ 6 పెడితే 2.71828 వస్తుంది, బాగానే ఉంది. ఇంకా పెద్దది పెడితే ఇంకా దగ్గరికెళ్తుందిలే అని 10 పవర్ 16 పెట్టండి. జవాబు 1. లోపల ఉన్నది పదిహేను అంకెలే కాబట్టి 1 కి 10 పవర్ మైనస్ 16 కలిపితే దాని లెక్కలో అది 1 గానే మిగిలిపోతుంది, 1 ని ఎన్నిసార్లు గుణించినా 1. హార్మోనిక్ శ్రేణి ఇంకో మోసం. సిగ్మా బటన్‌తో 1000 పదాలు కలిపితే 7.4855. పదివేలు కలపమంటే చాలాసేపు ఆలోచించి 9.7876 ఇస్తుంది. తొమ్మిది వేల పదాలు కలిపినా పెరిగింది రెండుంబావు మాత్రమే గదా, ఎక్కడో ఆగిపోతుందిలే అనిపిస్తుంది. ఆగదు. ఆ సంగతి రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున పదాల్ని గుంపులు కట్టి, ఒక్కో గుంపూ సగానికి తగ్గదని చూపించే రుజువు చెబుతుంది, క్యాలిక్యులేటర్ ఎప్పటికీ చెప్పదు.

కొత్త మోడల్ 991సిడబ్ల్యూ కొనమంటారా అని చాలామంది అడుగుతారు. తెర బాగుంటుంది, 4 బై 4 మ్యాట్రిక్స్ తీసుకుంటుంది, నాలుగు తెలియనివి ఉన్న సమీకరణాలు, నాలుగో డిగ్రీ పాలినామియల్ కూడా చేస్తుంది. లీనియర్ ఆల్జీబ్రాకి అది మేలే. కానీ ఇఎస్ ప్లస్‌లో ఉన్న కాల్క్ బటన్ అందులో లేదు. రంగె-కుట్టా, గాస్-సీడెల్ మీద పైన రాసిందంతా దాంట్లో వేరే దారిలో చేసుకోవాలి, బటన్ల అమరిక కూడా పూర్తిగా వేరు. కాలేజీలో సీనియర్లు, సార్లు చూపించే నొక్కులు ఇఎస్ ప్లస్‌వే. కాబట్టి ధర ఎక్కువ పెట్టి అది కొనడం కన్నా ఇదే నయం. అన్న వాడిన ఇఎస్ ప్లస్ ఇంట్లో ఉంటే కొత్తది కొనక్కర్లేదు, ఎడిషన్ పాతదైనా పరవాలేదు. 82ఎంఎస్ ఇప్పటికే ఉన్నవాళ్ళు న్యూమరికల్ మెథడ్స్ వచ్చేదాకా దాంతోనే గడపొచ్చు. ఇంకొకటి, డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాయాలనుకునేవాళ్ళకి అక్కడ సొంత క్యాలిక్యులేటర్ తీసుకెళ్ళే వీలు లేదు, కంప్యూటర్ తెర మీద కనబడే దాన్నే మౌస్‌తో నొక్కుకోవాలి. చివరి ఏడాదిలో అది కూడా అలవాటు చేసుకోండి.

షాపులో కొనేటప్పుడు చాలామంది చేసే పరీక్ష, సోలార్ పట్టీ మీద వేలు పెట్టి చూడటం. దాంతో ఏమీ తెలియదు, లోపల బటన్ సెల్లు కూడా ఉంటుంది కాబట్టి మూసినా వెలుగుతూనే ఉంటుంది. దానికి బదులు కౌంటర్ దగ్గరే సున్నా నుంచి 6 దాకా ఆ ఇంటిగ్రల్ కొట్టి 1.405647649 వస్తుందో లేదో చూడండి, మోడ్ 5, 6, 7, 8 ఒక్కొక్కటీ తెరిచి చూడండి, ప్రతి బటన్ ఒకసారి నొక్కండి, ముఖ్యంగా కింది వరసలో ఈక్వల్‌టు. ఎక్కువ దెబ్బలు తినేది అదే. బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి. ఫుట్‌పాత్ మీద సగం ధరకి దొరికేవాటికి ఈ రెండూ ఉండవు.

వాడకంలో వచ్చే పెద్ద ఇబ్బంది ఎండ. మే నెలలో మన వైపు బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నమంతా వదిలేస్తే తెర నల్లబడే ప్రమాదం ఉంటుంది, సంచిలోనే ఉంచుకోండి. తెర మసకబారి, నీడలో వెలగడం మానేస్తే సెల్లు అయిపోయినట్టు. ఎల్ఆర్44 అని అడిగితే గడియారాల షాపులో దొరుకుతుంది. వెనక మరలు విప్పి మార్చాక షిఫ్ట్, 9, 3, ఈక్వల్‌టు, ఏసీ నొక్కి రీసెట్ చేయాలి. రీసెట్ అయితే మళ్ళీ డిగ్రీల్లోకి వెళ్ళిపోతుంది, లైన్ అవుట్‌పుట్ కూడా పోతుంది. పరీక్ష ముందు రోజు ఎవరన్నా అడిగి తీసుకుని, 'ఏదో అయింది, నేనే సరిచేశా' అని తిరిగిస్తే ముందు పైన ఆర్ ఉందా, డి ఉందా చూసుకోండి.